గోడలో చిక్కిన చిలుకేరు

ఏరు ఎండిన ఊరిని వెనక వదిలి, సున్నపు గంపలు నెత్తికెత్తుకుని బయలుదేరిన ఆ ఇద్దరూ కాంచనదుర్గం కోటగుమ్మం ముందుకు వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది.

ముందు నడిచేవాడు సింగన. సున్నపు బట్టీలు కాల్చే ఇంట పుట్టినవాడు. బొమ్మలు గీయడం అతనికి ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు వానకు ముందు ఊరి పక్కనున్న గద్దగుట్ట మీద మబ్బు దిగడం చూసి గుండెలో ఏదో కదిలితే, దానికి మాట దొరక్క, బొగ్గు తీసుకుని బట్టీ గోడ మీద గీశాడు. ఆ గోడ ముందు నిలబడ్డ వాళ్ళమ్మ, ఎండవేళ అయినా, వాన వస్తుందని పిడకలు లోపల వేసుకుంది. అప్పటినుంచీ అతను కొండను గీస్తే కొండను చూసినప్పుడు తనకు కలిగిందే చూసేవాడికీ కలిగేది. మనుషుల బొమ్మలు మాత్రం వేసేవాడు కాదు. అడిగితే, వాళ్ళు కదులుతారు, నా వల్ల కాదనేవాడు.

వెనక నడిచేవాడు పోలయ్య. సింగన చెల్లెలు రంగికి మొగుడు. చిలుకేట్లో పడవ నడిపేవాడు. ఏరు ఒక్క పగటిపూటలో, చూస్తూ చూస్తుండగానే మాయమైంది. ఆ పూట పడవేసుకుని ఏటి నడుమ ఉన్న రంగి కూడా మాయమైంది. గట్టు మీద పోలయ్య చేతిలో ఒక తెడ్డు మిగిలింది. ఆ తెడ్డు అతను ఇప్పటికీ వదల్లేదు.

మకరకేతు మహారాజు కొలువులో సింగన చిలుకేటి బొమ్మ గీసి వచ్చిన కొద్దికాలానికే ఇదంతా జరిగింది. ఏరును గీసి రాజు చేతిలో పెట్టినవాడు నువ్వే కదా అని ఊరంతా అతని మొహం మీదే అంది. ఆ మాట విన్ననాటినుంచి సింగన దవడలు విడివడలేదు.

గుమ్మం దగ్గర ఒక పంజరం, పంజరంలో ఒక గోరువంక. రాజగురువు, మహామాంత్రికుడు అయిన భస్మనేత్రుడు మంత్రించి పెట్టిన పక్షి అది. దాని ముందు ఎవడు అబద్ధం ఆడినా కోట అదిరేటట్టు కూస్తుంది. రాజుగారి మీద భక్తి ఉందా అని కావలివాళ్ళు మొదట్లో వచ్చినవాళ్ళందరినీ అడిగేవాళ్ళు. గోరువంక గొంతు బొంగురుపోయేదాకా కూయడంతో ఆ ప్రశ్న మానుకున్నారు.

"ఎవర్రా మీరు?" అన్నాడు కావలి నాయకుడు.

"సున్నం కాల్చే ఇంటివాణ్ణి" అన్నాడు సింగన.

"ఏం పని?"

"లోపల జలమందిరంలో ఒక గోడకు నేనే సున్నం పూశాను. దాంట్లో పని మిగిలింది."

గోరువంక తల పక్కకు వంచింది. కూయలేదు.

"నీ సంగతేంది?"

"నేను ఈయన చెల్లెలి మొగుణ్ణి" అన్నాడు పోలయ్య.

"అదొక పనా?"

"చేసి చూడు సామీ, పనో కాదో తెలుస్తది."

కావలివాళ్ళు నవ్వారు. నాయకుడు నవ్వలేదు. సింగన గడ్డం కింద బల్లెపు మొన పెట్టి మొహం పైకెత్తాడు. "వీడేంది, కొట్టడానికి వచ్చినట్టు చూస్తున్నాడు?"

"ఆయన మొహమే అంత సామీ, పుట్టుకతోనే..." అని పోలయ్య అనీ అనగానే గోరువంక రెక్కలు విదిల్చి ముక్కు తెరిచింది.

"కాదు" అన్నాడు సింగన ఆ మాటను తుంచేస్తూ. "కోపంతోనే ఉన్నాను. దోవ పొడుగునా తాగడానికి చుక్క దొరకలేదు. దోవ పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాను."

గోరువంక ముక్కు మూసుకుంది. నాయకుడు ఆ పక్షిని చూశాడు, సింగనను చూశాడు, బల్లెం దించాడు.

"లోపల బోలెడు నీళ్ళున్నయ్. పోయి తాగు."

ఆ మాటకు సింగన చెయ్యి పిడికిలి అయింది. పోలయ్య తెడ్డుతో అతని వీపున ఒక పోటు పొడిచి ముందుకు నడిపించాడు.

అవును, లోపల నీళ్ళున్నాయి. చలువరాతి కాలువల్లో గలగలమంటూ పారుతున్నాయి. తామరమొగ్గల ఆకారంలో చెక్కిన చిమ్మెనగొట్టాలు నీళ్ళను ముత్యాలుగా విసిరి ముత్యాలుగానే పట్టుకుంటున్నాయి. పొగడచెట్ల పాదుల్లో నీళ్ళు, నెమళ్ళ గిన్నెల్లో నీళ్ళు, అంతఃపురపు చెలికత్తెల జలక్రీడల్లో నీళ్ళు. ఏనుగు ఒకటి తొండం నిండా పీల్చుకుని ఊరికే, సరదాకి, గోడ మీద చిమ్ముతోంది. అవతల లోయలో ఆడవాళ్ళు ఏటి ఇసుకను మోచేతుల లోతు తవ్వి చెమ్మను గుడ్డతో పిండుకుంటున్నారు. సింగన ఒక కాలువలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. రేగడి వాసన, వావిలాకు చేదు.

"మనదే" అన్నాడు.

"నాకు చెప్తున్నావా" అన్నాడు పోలయ్య. "కాలు పెట్టకముందే తెలిసింది నాకు."

కాలువ వెంట ఎదురు నడుచుకుంటూ పోతే జలమందిరం వచ్చింది. పటికపురాతి స్తంభాలు, పైన పగడాల పందిరి, కింద అద్దంలాంటి నేల. ఎదుట గోడ నిండా చిలుకేరు. తొలకరి నీళ్ళు మొదటిసారి మలుపు తిరిగి వచ్చిన తెల్లవారుజామున, వావిలి పొదల మధ్య నిలబడి సింగన చూసిన ఏరు అది. ఆ పొద్దు అతని గుండె ఎంత పొంగిందో ఆ గోడా అంత పొంగి ఉండేది. ఇప్పుడది బొమ్మ కాదు. నురగ కదులుతోంది. గోడ అడుగున కొత్తగా చెక్కిన రాతిమొసలి నోట్లోంచి నీరు ధారగా బయటికి దూకి కాలువలో పడుతోంది.

సింగన చూపు గోడ ఎడమ మూలకు పోయింది. అక్కడ ఏమీ ఉండకూడదు. సున్నపు బట్టీ మూసేటప్పుడు అరచేతంత కన్నం వదలడం వాళ్ళ కులాచారం. వదలకపోతే లోపలి వేడికి దారిలేక బట్టీ పేలుతుంది. దాన్ని ఊపిరి జాగా అంటారు. సింగన తన ప్రతి బొమ్మలోనూ ఒక మూల అరచేతంత తెల్లసున్నం అలాగే వదిలేవాడు. గీసిన చోటు ఆ జాగాలోంచి తన చోటికి తాను వెళ్ళివస్తుందని అతని నమ్మకం. ఇప్పుడా జాగా నిండా కరిగించి పోసిన బంగారం. బంగారం మీద రాజుగారి మకరముద్ర.

ఇంటికి వెళ్ళే దారి అక్కడ మూసి, దోచుకునే దారి కింద మొసలి నోట్లో తెరిచారు. సింగన పళ్ళు పటపటలాడాయి.

"బావా" అన్నాడు పోలయ్య. "ఆ నడుమ పడవేంది?"

"నేను పడవ గీయలేదు."

"అందుకే అడుగుతున్నా."

గోరంత పడవ. పడవలో గోటి మొనంత మనిషి. నడుముకు చెంగు బిగించి, ఒంటి తెడ్డుతో, మొసలి నోటివైపు లాగే నీటికి ఎదురు వేస్తోంది. ఒక తెడ్డు వేస్తే వెంట్రుకంత ముందుకు పోతుంది. ఊపిరి తీసుకునేలోగా వెంట్రుకంత వెనక్కి వస్తుంది.

అది రంగి. పోలయ్య ఏడుస్తాడేమోనని సింగన చూశాడు. పోలయ్య ఏడవలేదు. "ఇన్నాళ్ళూ వేస్తూనే ఉందా?" అని మాత్రం అడిగాడు.

సింగన గంపలోంచి పాత సున్నం గీకే ఇనుపరేకు లాగి గోడ మీదికి ఉరికాడు. రేకు బంగారానికి తగిలిందో లేదో, ముద్రలోని మకరం కళ్ళు తెరిచి కీచుమంది. స్తంభాల చాటునుంచి బల్లేలు బిలబిలమని లేచాయి. పోలయ్య తెడ్డు తిప్పి ఒకడి తలపాగా, ఇంకొకడి ముక్కు ఎగరగొట్టాడుగాని, మూడోవాడు వెనకనుంచి వల విసిరాడు.

పొగవాసన వేసింది. బూడిద పూసుకున్న ఒళ్ళు, రెప్పలు లేని కళ్ళు, మెడలో గుడ్లగూబ గోళ్ళ మాల. భస్మనేత్రుడు వచ్చి నిలబడ్డాడు. పక్కన, మధ్యాహ్నపు నిద్ర చెడినందుకు విసుక్కుంటూ, మకరకేతు మహారాజు.

"చిత్రకారా, నువ్వొస్తావని ఎదురుచూస్తున్నాను" అన్నాడు మాంత్రికుడు.

"నా చెల్లెల్ని బయటికి తియ్" అన్నాడు సింగన.

"ఆమె అడ్డమొచ్చింది. ఏటిని పిలిస్తే ఏటితోపాటు వచ్చింది. నేనేం చెయ్యను?"

"ఏరు నీ తాత తవ్వించిందా?"

రాజు ముందుకొచ్చాడు. "వీడేంటి, గురువర్యులతో ఈ మాటలు. నాలుక కోయించనా?"

"నాలుక కోయించండి ప్రభూ, చేతులు మాత్రం నాకుండనివ్వండి" అన్నాడు భస్మనేత్రుడు. సింగన వైపు తిరిగాడు. "నాకు గద్దగుట్ట కావాలి. మబ్బులు ఆగేది దాని నెత్తినే. అది ఈ ఎదుటి గోడ మీదికి వచ్చిందంటే వాన కూడా మాది. నేను ఎందరి చేతనో గీయించాను. మంత్రం వేస్తే గోడ కూలిందిగాని గుట్ట రాలేదు. నువ్వు గీస్తేనే చోటు నీ వెంట వస్తుంది. పొద్దు గుంకేలోగా గుట్టను గీసివ్వు. నీ చెల్లెల్ని వదులుతాను. లేదా..."

చెయ్యి ఎత్తి మొసలి వైపు వేలు ఆడించాడు. రాతిమొసలి నోరు ఇంకాస్త తెరుచుకుంది. గోడలో పడవ జర్రున వెనక్కి జారింది. రంగి పడి లేచి తెడ్డు అందుకుంది.

"గీస్తాను" అన్నాడు సింగన.

"బావా, వద్దు" అన్నాడు వలలోంచి పోలయ్య. "గుట్ట కూడా పోతే మనూరు ఊరు కాదు."

"నోర్మూసుకో."

"ఒక్క మాట" అన్నాడు భస్మనేత్రుడు. "ఆ మూల తెల్లగా వదిలే నీ పిచ్చి అలవాటు ఈసారి వద్దు. బంగారం పోయించలేక చస్తున్నాను. అంచు నుంచి అంచు దాకా నిండా గీయాలి. గోరంత జాగా మిగిలినా నీ చెల్లెలు మొసలి నోట్లో ఉంటుంది."

సింగన బంగారం మూసిన మూల వైపు చూశాడు. "నిండా గీస్తాను" అన్నాడు.

సున్నం కలిపాడు. గోడకు పూశాడు. గీయబోయే చోటి నీటితోనే రంగు నూరడం అతని పద్ధతి. గద్దగుట్ట మీద కురిసిందే చిలుకేరు కాబట్టి మొసలి నోటి కింద దోసిలి పట్టాడు. ఆ నీళ్ళతో కాటుకరాయి నూరాడు, జేగురు నూరాడు. సున్నపు గోడ తడి ఆరేలోగా రంగు పడాలి, ఆలోచనకు వేళ ఉండదు. అతనికి ఆలోచన అవసరం కూడా లేకపోయింది.

ఇంతకాలం సింగన కోపంతో కుంచె పట్టలేదు. కోపం వస్తే బట్టీలోకి సున్నపురాయి మోసేవాడు, చల్లబడ్డాకే గోడ దగ్గరికి పోయేవాడు. ఇవాళ ఆ కట్టుబాటు తెగిపోయింది. గుట్ట నెత్తిన మబ్బు పెట్టలేదు, మబ్బు చేత గుట్టను కొరికించాడు. చెట్లను జుట్టు పట్టి వంచాడు. మెరుపును గీతలా కాక గాటులా దింపాడు. ఇసుకలో ఆడవాళ్ళ మోచేతులు, ఊరివాళ్ళ మాటలు, చిమ్మెనగొట్టాల ముత్యాలు, నీళ్ళున్నయ్ పోయి తాగమన్న కావలి నాయకుడి గొంతు, అన్నీ చేతిలోంచి కారి గోడకు అంటుకున్నాయి. చివరికి మూల మిగిలింది. అరచేతంత. అలవాటుగా చెయ్యి ఆగింది. సింగన ఆ చేతిని బలవంతాన ముందుకు తోసి, ఆ మూలను కూడా నల్లగా మూసేశాడు.

తర్వాత జరిగింది చాలా తొందరగా జరిగింది.

ముందు బల్లెం పట్టుకున్న భటుడొకడు పక్కవాడి కాలు తొక్కాడు. పక్కవాడు ఎప్పుడో వాడి చేతిలో తిన్న దెబ్బ గుర్తొచ్చి వాడి చెంప పగలగొట్టాడు. వింజామరలు వీచే చెలికత్తె వింజామర తిరగేసి రాజుగారి కిరీటం మీద ఒకటి వేసి, "చెయ్యి పడిపోతోంది, నీకు గాలి ఆడదా?" అంది. నెమళ్ళు ఏనుగు మీద పడ్డాయి. ఆ గోడను చూసిన ప్రతివాడి కడుపులోనూ మంట లేచింది, అందరికీ తలో కారణమూ దొరికింది.

"గురువర్యా, నా నిద్ర ఎందుకు చెడగొట్టావు?" అని రాజు కత్తి దూశాడు.

"నోరు మూయి, నా మంత్రం లేకపోతే నువ్వు గొర్రెలు కాచుకునేవాడివి" అన్నాడు భస్మనేత్రుడు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. కోపం తనది కాదని, గోడదని అప్పుడు తెలిసింది. దాన్ని లొంగదీయాలని గుట్టను లాగే మంత్రం గబగబా అందుకున్నాడు.

గుట్ట వచ్చింది. గుట్ట మీది గాలివాన వచ్చింది. గోడలో అంత కోపం, బయటికి పోవడానికి అరచేతంత దారి లేదు. గోడ కడుపు ఉబ్బింది. రాళ్ళ సందులు కిర్రుమన్నాయి. మూసిన బట్టీ పేలినట్టే పేలింది.

పగడాల పందిరి ఎగిరిపోయింది. వడగళ్ళు, మట్టిపెళ్ళలు, వేళ్ళతో సహా ఊడిన మద్దిచెట్లు జలమందిరంలోకి దూకాయి. పటికపు స్తంభాలు చెరకుగడల్లా విరిగాయి. భస్మనేత్రుడి మొహం మీదా ఒంటి మీదా రేగడి చిమ్మి కళ్ళు కప్పేసింది. రెప్పలు లేని ఆ కళ్ళు మూసుకోలేక అరిచాడు. పట్టుకున్నవాళ్ళు పడిపోగా పోలయ్య వల చింపుకుని లేచాడు.

సింగన అప్పటికే అవతలి చిలుకేటి గోడ దగ్గర ఉన్నాడు. ఇనుపరేకుతో మకరముద్రను పెళ్ళగిస్తున్నాడు. మకరం అతని మణికట్టు కొరుకుతోంది. అతను దాని కంట్లో రేకు దించాడు. బంగారం పెచ్చు ఊడి కింద పడింది. దాని వెనక అరచేతంత వెలుగు. వెలుగులో వావిలి పొదల వాసన, ఎండిన ఏటి ఇసుక.

చిలుకేరు ఒక్కసారి ఆగింది. తర్వాత తల తిప్పుకుంది. మొసలి నోటి ధార తెగిపోయింది. నీళ్ళన్నీ ఆ వెలుగువైపు పరుగందుకున్నాయి. పడవ కూడా తిరిగింది. దగ్గరికొచ్చేకొద్దీ గోరంతది చేటంత అయింది, చేటంతది మంచమంత అయింది.

"తెడ్డు పట్టుకుని చూస్తావేంది, ఎక్కు" అని లోపలినుంచి రంగి అరుపు వినబడింది. మొగుడితో అంది. ఆ గొంతులో ఇన్నాళ్ళ అలసట లేదు, తిట్టే ఉంది.

పోలయ్య గోడలోకి దూకాడు. పడవలో పడ్డాడు. పడుతూనే తెడ్డు నీళ్ళలో వేశాడు.

"అన్నా, నువ్వు కూడా."

సింగన కాలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే నేల మీద పడ్డ బంగారం మెత్తబడింది. మట్టి కక్కుతూనే భస్మనేత్రుడు మంత్రం చదువుతున్నాడు. కరిగిన బంగారం పాములా గోడ ఎక్కి కన్నం అంచుల చుట్టూ అల్లుకుంటోంది. ఏరు ఇంకా సగం కూడా వెళ్ళలేదు. సింగన ఎత్తిన కాలు దించి, తన కుడిచెయ్యి ఆ కన్నానికి అడ్డంగా దూర్చాడు.

బంగారం వేళ్ళను పట్టింది. నిప్పులో పెట్టినట్టయింది. ఆ వేళ్ళను విప్పి, మూసుకుంటున్న తలుపుకు అడ్డుకర్రలా నిలబెట్టాడు.

"చెయ్యి తియ్యి. వచ్చి పడవెక్కు" అంది రంగి. పడవ అతని పక్కనుంచే పోతోంది, చేయి చాస్తే అందేటంత దగ్గర.

"పోతావా, తన్నమంటావా?"

"ఇంటికొచ్చాక చెప్తా నీ పని. వస్తావు కదా?"

"ముందు నువ్వు పో."

పడవ వెలుగులోకి పోయింది. దాని వెనకే నీళ్ళు, నీళ్ళ వెనకే నురగ, నురగ వెనకే వావిలాకులు, కడపటి చెమ్మ దాకా సింగన వేళ్ళను ఒరుసుకుంటూ వెళ్ళాయి. గోడ తెల్లగా, ఒట్టి సున్నంగా మిగిలింది. అప్పుడు లాగాడు చెయ్యి. తోలు కొంత గోడకు వదిలి వచ్చింది. మిగతాది వేళ్ళ చివరలదాకా బంగారమై బిగుసుకుంది. ఏ కుంచె పట్టుకున్న వేళ్ళో అవి ఇక వంగవు.

ఆ చేతిని ఒకసారి చూసుకున్నాడు. ఎదురొచ్చిన భటుడి దవడ మీద దానితోనే ఒకటి ఇచ్చాడు. అందుకు పనికొచ్చింది.

"వాణ్ణి పట్టుకోండి" అని అరిచాడు భస్మనేత్రుడు. మొసలి నోరు ఖాళీగా తెరుచుకునే ఉంది. సింగన అందులోకి దూరాడు. పాచిపట్టిన తూము. ఒళ్ళు నిలవలేదు. అంతఃపురం కిందుగా, తోట కిందుగా, చీకట్లో జారి జారి, చివరికి గుర్రపుశాల తొట్టిలో వెల్లకిలా వచ్చి పడ్డాడు. నీళ్ళకోసం మూతిపెట్టిన నల్లగుర్రం ఒకటి అతని మొహం వాసన చూసింది. ఎడమచేత్తో దాని జూలు పట్టుకుని మీదికి ఎగిరాడు.

కోట వెనకగుమ్మం దాటేసరికి పైన బురుజు మీదినుంచి మాంత్రికుడి గొంతు వినబడింది. "వాడి కోసం వెతక్కండి. వాడు చెల్లెలి దగ్గరికే పోతాడు. దళం మొత్తం చిలుకేటి లోయకు నడవండి. ఏటి రేవు కాయండి. వాడొచ్చేదాకా ఆ ఊళ్ళో పొయ్యి వెలగకూడదు, మనిషి మిగలకూడదు."

కోట బయట సాలకూడలిలో దారి రెండుగా చీలింది. కుడివైపు ఎర్రమట్టి బాట, చివర్న లోయ, లోయ మీద మళ్ళీ తన చోట నిలిచిన గద్దగుట్ట, లోయలో కొత్తగా పారుతున్న నీళ్ళ మెరుపు ఇక్కడికే కనిపిస్తోంది. ఎడమవైపు పొగమాను కోన. భస్మనేత్రుడు తన భూతాలను పెంచుకునే చోటు. లోపలికి పోయిన పశువు కూడా తిరిగిరాలేదు.

గుర్రం తనంతట తానే నీటివైపు మెడ తిప్పింది. సింగన జూలు గుంజి ఆపాడు. వెనక కోటగుమ్మంలోంచి దళం ధూళి లేపుకుంటూ వస్తోంది. వాళ్ళు తనను చూసేదాకా నడిబాటలో నిలబడ్డాడు. బంగారపు చెయ్యి ఎండలోకి ఎత్తాడు. అది దివిటీలా మెరిసింది.

"ఒరేయ్ మకరకేతుడి కుక్కల్లారా" అన్నాడు గొంతెత్తి. "మీరు వెతికే చెయ్యి ఇక్కడుంది. మీ రాజుగారి బంగారం కూడా దీని మీదే ఉంది. మగవాళ్ళయితే వచ్చి తీసుకోండి."

అని గుర్రాన్ని ఎడమకు తిప్పి కోనవైపు దౌడు తీయించాడు. వెనక కేకలు, కొరడాల చప్పుళ్ళు. కూడలి దగ్గర డెక్కలు క్షణంపాటు తడబడ్డాయి. సింగన మెడ తిప్పి చూడలేదు, చెవులు మాత్రం వెనక్కి పెట్టి విన్నాడు. ఒక్క గుర్రమైనా ఎర్రమట్టి బాట పట్టిందేమోనని విన్నాడు. పట్టలేదు. దళమంతా తన వెనకే మళ్ళింది.

మొదటి పొగమాను కొమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది.